తిరమిసు సరుకులు: ఏ డబ్బా కొనాలి, ఏ కాఫీ పొయ్యాలి

కాఫీలో ముంచిన బిస్కెట్లనీ క్రీమ్‌నీ పొరలుగా పేర్చి చల్లగా తినే ఇటలీ తీపి తిరమిసు. దీనికి ఓవెన్ అక్కర్లేదు, పెద్ద పనితనమూ అక్కర్లేదు. అయినా ఇంట్లో చేసినప్పుడు చాలాసార్లు జరిగేది ఒకటే: గిన్నెలోంచి ముక్క తీయగానే పక్కకి జారిపోతుంది, అడుగున కాఫీ నీళ్లు తేలతాయి, బిస్కెట్ జావైపోయి ఉంటుంది. లోపం చేతిలో కన్నా కొన్న సరుకులోనే ఎక్కువగా ఉంటుంది. ఇందులో పడేవి ఆరే వస్తువులు: పచ్చసొన, పంచదార, మస్కార్పోనే (మీగడతో చేసే మెత్తటి చీజ్), సవోయార్డి అనే వేలిలా పొడుగాటి బిస్కెట్లు, కాఫీ, కోకో. ఒక్కటి నాసిరకమైనా మిగతావి దాన్ని కప్పిపుచ్చలేవు. అందుకే ఇక్కడ ప్రతి సరుకునీ, కాఫీ కాచే మోకా పాత్రనీ ఒకే ప్రశ్నతో చూడాలి. ఇది గిన్నెలోకి ఎంత తడి తెస్తుంది, ఎంత తడిని పట్టి ఉంచుతుంది?

తీర్పు ముందే చెప్పేయొచ్చు. డబ్బు పెట్టాల్సింది మస్కార్పోనే మీద, ఆ తర్వాత బిస్కెట్ మీద. మోకా పాత్ర ఉంటే మంచిది, లేకపోయినా పని ఆగదు. కోకో మాత్రం ఖరీదైనది కావాలని లేదు, సరైన వేళకి చల్లితే చాలు.

కొలతలకి ఒక ఆధారం కావాలి. ఇటలీ ఈశాన్యాన ట్రెవీజోలో కాంపెయోల్ కుటుంబం నడిపిన ‘లె బెక్కెరీయె’ రెస్టారెంట్ 1972లో తిరమిసుని మెనూలో పెట్టింది. దాన్ని తయారుచేసిన వంటవాడిగా రొబెర్తో లింగ్వానొత్తో పేరు చెబుతారు. పక్కనున్న ఫ్రియూలీ ప్రాంతం వాళ్లు మాత్రం తమ తోల్మెత్సో ఊళ్లో 1950లలోనే ఇది ఉందంటారు. 2017లో ఇటలీ ప్రభుత్వం సంప్రదాయ ఆహారాల జాబితాలో దీన్ని ఫ్రియూలీ వెనెత్సియా జూలియా పేరున చేర్చింది, ట్రెవీజో ఉన్న వెనెతో ప్రాంతం వాళ్లు భగ్గుమన్నారు. తగవు సంగతి అటుంచితే, వంటింట్లో పనికొచ్చేది 2010లో ఇటాలియన్ వంటల అకాడమీ ట్రెవీజో శాఖ నోటరీ దగ్గర దాఖలు చేసిన తయారీ విధానం. 12 పచ్చసొనలు, అరకిలో పంచదార, కిలో మస్కార్పోనే, 60 సవోయార్డి, తగినంత కాఫీ, తగినంత చేదు కోకో. అంతే. మద్యం లేదు, తెల్లసొన లేదు, గిలక్కొట్టిన క్రీమూ లేదు. అరకిలో పంచదార ఈనాటి నాలుకకి మరీ ఎక్కువ. సగం చేసుకున్నా 250 గ్రాములు వస్తుంది, దాన్ని 120కి దించినా రుచికి లోటు రాదు.

ఇంటికి సరిపడే లెక్క ఇది: 24 సవోయార్డి (సుమారు 200 గ్రాములు), 500 గ్రాముల మస్కార్పోనే, 5 పచ్చసొనలు, 120 గ్రాముల పంచదార, 300 మి.లీ. చిక్కటి కాఫీ, 2 చెంచాల కోకో. గిన్నె సుమారు 22 సెం.మీ. పొడవు, 20 సెం.మీ. వెడల్పు, కనీసం 6 సెం.మీ. లోతు ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది మందికి వస్తుంది.

ముందు బిస్కెట్ సంగతి. సవోయార్డి పేరుతో దొరికేవి రెండు రకాలు, పైకి రెండూ ఒకేలా కనబడతాయి. ఒకటి పూర్తిగా ఎండినది, విరిస్తే టక్కున విరుగుతుంది, పైన పంచదార పలుకులు అంటుకుని ఉంటాయి. రెండోది కేకులా మెత్తగా ఉంటుంది, నొక్కితే వంగి మళ్లీ లేస్తుంది. తిరమిసుకి కావలసింది మొదటిదే. మెత్తటిదాంట్లో ముందే తడి ఉంటుంది, గోడలు బలహీనంగా ఉంటాయి. కాఫీ తగలగానే పీల్చుకుని మధ్యలో తెగిపోతుంది. ఎండినది కూడా పీలుస్తుంది కానీ దాని గుడ్డు నురగ గట్టిగా ఎండిపోయి ఉంటుంది కాబట్టి ఆకారం చెడదు.

ఇటలీలో ఆ పేరుతో అమ్మేదానికి 2005 నాటి ప్రభుత్వ ఉత్తర్వు ఒక హద్దు పెట్టింది: గుడ్డు 26 శాతానికి తగ్గకూడదు. ప్యాకెట్ వెనక పదార్థాల వరుసలో గుడ్డు శాతం రాసి ఉంటే ఈ అంకెతో పోల్చి చూడండి. గుడ్డు తగ్గించి మైదా, బేకింగ్ పౌడర్ పెంచిన బిస్కెట్ మామూలు టీ బిస్కెట్‌లాగే తడిసి ముద్దవుతుంది. వెరోనా దగ్గరి విచెంజీ కంపెనీ చేసే ‘విచెంజోవో’ ఎండు రకానికి మంచి నమూనా. గట్టిగా, నిటారుగా ఉంటుంది, చేతిలో పొడి రాలదు. పావెజీనీ అనే చిన్న పల్చటి బిస్కెట్లతో చేసేవాళ్లూ ఇటలీలో ఉన్నారు. వాటితో పొరలు సన్నగా వస్తాయి, అయితే కాఫీలో అర సెకను మించి ఉంచకూడదు, అలవాటు లేని చేతికి కష్టం.

మెత్తటి రకమే దొరికితే పారేయనక్కర్లేదు. 130 డిగ్రీల ఓవెన్‌లో 15 నుంచి 20 నిమిషాలు పెట్టి, తీసి పూర్తిగా చల్లారనిస్తే చాలావరకు గట్టిపడతాయి. ఓవెన్ లేకపోతే ముంచడం మానేసి, గిన్నెలో పేర్చాక బ్రష్‌తో కాఫీ పూయండి. తెరిచి రెండు రోజులైన ప్యాకెట్ విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం, గాలిలో తేమకి ఎండు బిస్కెట్ కూడా మెత్తబడుతుంది.

ఎంతసేపు ముంచాలన్నదే అందరినీ ఇబ్బంది పెట్టే ప్రశ్న. సెకన్ల లెక్క కన్నా తూకం లెక్క నమ్మకమైనది. ఒక బిస్కెట్ సుమారు 8 గ్రాములు తూగుతుంది. ముంచి తీశాక 17 నుంచి 19 గ్రాముల మధ్య ఉంటే సరిగ్గా ఉన్నట్టు. 22 దాటితే అడుగున నీళ్లు తేలడం ఖాయం. మొదటి రెండు మూడింటిని వంటింటి తక్కెడ మీద పెట్టి చూస్తే చెయ్యి కుదురుకుంటుంది, తర్వాత తూచనక్కర్లేదు. ఎక్కువగా బల్లపరుపు వైపు ఒక సెకను, తిప్పి పంచదార వైపు ఒక సెకను సరిపోతుంది. ఒకటి విరిచి చూడండి. బయట గోధుమరంగు, నడిమధ్యలో సన్నటి లేత గీత, ఆ గీత ఇంకా పొడిగా ఉండాలి. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్నాక కాఫీ లోపలికి పాకి, పైనున్న క్రీమ్ తడి కూడా కొంత దిగి ఆ గీత మాయమవుతుంది. పేర్చేటప్పుడే లోపల దాకా తడిసిన బిస్కెట్‌కి ఆ అదనపు తడిని తాగే చోటు ఉండదు.

కాఫీ గోరువెచ్చగా కూడా ఉండకూడదు, పూర్తిగా చల్లారాలి. వేడి కాఫీ పైనున్న పంచదారని కరిగించి బిస్కెట్‌ని రెండింతల వేగంతో మెత్తబరుస్తుంది, దాని మీద పడిన మస్కార్పోనే కూడా కరగడం మొదలుపెడుతుంది.

ఇక మస్కార్పోనే. ఇక్కడ రాజీ పడకండి. లొంబార్దీ ప్రాంతపు సరుకు ఇది. మీగడని వేడిచేసి, సిట్రిక్ లేదా టార్టారిక్ ఆమ్లంతో చిక్కబరిచి, నీరు వడగట్టి చేస్తారు. అందులో ఉప్పు లేదు, పులియబెట్టడం లేదు. అందుకే రుచి తియ్యటి మీగడలా ఉంటుంది. డబ్బా మీద రెండు చోట్ల చూడండి. మొదటిది కొవ్వు: 100 గ్రాములకి 40 గ్రాములో, ఆ పైనో ఉండాలి. ‘లైట్’ అని రాసి ఉన్నది తిరమిసుకి పనికిరాదు. కొవ్వు తగ్గితే ఆ చోట నీరే చేరుతుంది, క్రీమ్ గట్టిపడదు. రెండోది పదార్థాల వరుస: మీగడ, పాలు, ఆమ్లం, ఇంతే ఉంటే మేలు. జిగురు పదార్థాలు కలిపినవి డబ్బాలో గట్టిగా కనబడతాయి గానీ నోట్లో కరగడానికి మొండికేస్తాయి.

మూత తీయగానే పైన కాస్త నీరు తేలి ఉంటే కంగారు పడొద్దు, వంపేయండి. చెంచాతో తీసి తిరగేస్తే జారకుండా నిలబడాలి, అదే తాజాదనానికి పరీక్ష. పుల్లటి వాసన వస్తే వాడొద్దు.

క్రీమ్ చీజ్‌తో సరిపెట్టమని చాలా చోట్ల రాస్తారు. సరిపెట్టుకోవచ్చు, కానీ వచ్చేది చీజ్‌కేక్ రుచి. క్రీమ్ చీజ్‌లో ఉప్పుంది, పులుపుంది, కొవ్వు తక్కువ. కాఫీ చేదుకి ఆ పులుపు తోడైతే నోటికి గరుకుగా తగులుతుంది. దానికన్నా మస్కార్పోనే ఇంట్లో చేసుకోవడం మేలు. 35 శాతం కొవ్వున్న, జిగురు పదార్థాలు కలపని లీటరు క్రీమ్‌ని సన్నటి సెగ మీద కలుపుతూ 85 డిగ్రీలకి తేవాలి. 2 పెద్ద చెంచాల నిమ్మరసం పోసి 5 నిమిషాలు అదే వేడిలో ఉంచితే గరిటెకి పట్టేంత చిక్కబడుతుంది. పాలు విరిగినట్టు ముక్కలు కట్టదు, కట్టనక్కర్లేదు, అలా లేదని ఇంకా నిమ్మరసం పోస్తే పుల్లబడి చెడుతుంది. చల్లార్చి, బట్ట పరిచిన జల్లెడలో పోసి ఫ్రిజ్‌లో 12 నుంచి 24 గంటలు వడకట్టనివ్వండి. నాలుగైదు రోజుల్లో వాడేయాలి.

మస్కార్పోనే ఎంత మంచిదైనా గిలక్కొట్టడంలో చెడగొట్టొచ్చు. కొవ్వు ఎక్కువ కాబట్టి బీటర్‌తో జోరుగా కొడితే కొవ్వు కణాలు ఒకదానికొకటి అంటుకుని వెన్న కట్టడం మొదలుపెడతాయి, వాటి మధ్య ఉన్న నీరు బయటికొస్తుంది. ఇది మూడు మెట్లలో కనబడుతుంది. మొదట క్రీమ్ మీది నిగనిగ పోతుంది. తర్వాత ఉపరితలం రవ్వరవ్వగా మారుతుంది. ఆఖరికి గిన్నె అంచున పలచటి పసుపు నీరు కనబడుతుంది. రవ్వరవ్వగా ఉన్నప్పుడే ఆపి, 2 చెంచాల చల్లని ద్రవ క్రీమ్ పోసి చేత్తో మెల్లగా కలిపితే చాలాసార్లు తేరుకుంటుంది. నీరు కనబడ్డాక మాత్రం దాన్ని తిరమిసులో వాడొద్దు. బీటర్‌ని పచ్చసొన వరకే ఉంచి, మస్కార్పోనేని రబ్బరు గరిటెతో కలపడం అన్నిటికన్నా క్షేమం.

పచ్చసొన పని ఇలా. ట్రెవీజో విధానంలో పచ్చి పచ్చసొనే వాడతారు. పిల్లలు, గర్భిణులు, వయసు మళ్లినవాళ్లు తినే ఇంట్లో అది వద్దు, ఎవరికైనా వేడిచేసిన పద్ధతే మంచిది. 5 పచ్చసొనలు, 120 గ్రాముల పంచదార ఒక స్టీల్ గిన్నెలో వేసి, మెల్లగా మరుగుతున్న నీళ్ల గిన్నె మీద పెట్టండి. పై గిన్నె అడుగు నీళ్లకి తగలకూడదు. ఆపకుండా కలుపుతూ 71 డిగ్రీలు దాటించి, 75 దగ్గర దించేయండి. 6 నుంచి 8 నిమిషాలు పడుతుంది. థర్మామీటర్ ఇక్కడ నిజంగా కొనదగ్గ వస్తువు. ఇది లేకుండా చేసేవాళ్లు భయంతో త్వరగా దించేస్తారు, లేదా 80 దాటించి గుడ్డు పొరుటు చేసుకుంటారు. దించాక బీటర్‌తో 5 నిమిషాలు కొడితే రంగు లేత పసుపుకి తిరిగి, ఎత్తి పోస్తే మీద రిబ్బన్‌లా ఒక క్షణం నిలుస్తుంది. గిన్నె అడుగున చెయ్యి పెడితే వేడి తగలకుండా చల్లారాలి.

ఈ రెండింటినీ కలిపే వేళ వేడి తేడాలే ముంచుతాయి. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన మస్కార్పోనేలో పచ్చసొన పోస్తే తెల్లటి ఉండలు మిగిలిపోతాయి, ఎంత కలిపినా పోవు. వాటిని పోగొట్టాలని కొట్టేకొద్దీ విరుగుతుంది. పచ్చసొన వేడిగా ఉంటే కొవ్వు కరిగి క్రీమ్ పలచనవుతుంది, ఫ్రిజ్‌లో పెట్టినా మునుపటి పట్టు రాదు. మస్కార్పోనేని 15, 20 నిమిషాల ముందు బయట పెట్టి, గరిటెతో నున్నగా మెదిపి, చల్లారిన పచ్చసొనని మూడు విడతలుగా అందులో పొయ్యండి. మొదటి విడత మొహమాటం లేకుండా కలపొచ్చు, అది మస్కార్పోనేని సడలించడానికే. మిగతా రెండు విడతలు అడుగు నుంచి పైకి మడుస్తూ కలపాలి.

క్రీమ్ ఇంకా తేలిగ్గా కావాలంటే 150 మి.లీ. విప్పింగ్ క్రీమ్ బీటర్ ఎత్తితే కొన మెత్తగా వంగే దాకా కొట్టి ఆఖర్న కలపొచ్చు. తెల్లసొన నురగ కలపడం ఇటలీ ఇళ్లలో మామూలే. కానీ అది పచ్చిది, పైగా ఒక రోజు గడిచేసరికి నీరు వదులుతుంది. తడి లెక్కలో అది నష్టమే. గుడ్డు అసలే వద్దనుకుంటే 500 గ్రాముల మస్కార్పోనే, 250 మి.లీ. విప్పింగ్ క్రీమ్, 80 గ్రాముల పొడి పంచదార సరిపోతాయి. బాగా నిలబడుతుంది, ముక్కలు అందంగా వస్తాయి. రుచి మాత్రం ఒక మెట్టు కిందే, పచ్చసొన ఇచ్చే నిండుతనం వేరే దేంతోనూ రాదు.

మోకా పాత్ర గురించి. బియాలెత్తి కంపెనీ మోకా ఎక్స్‌ప్రెస్ 1933 నాటిది. ఎనిమిది పలకల అల్యూమినియం ఒళ్లు, కింద నీళ్ల గది, మధ్యలో కాఫీ పొడి గరాటు, పైన కాఫీ చేరే గది. ఎస్ప్రెస్సో యంత్రం ఇచ్చే పీడనం ఇందులో రాదు, తిరమిసుకి అది అక్కర్లేదు కూడా. ఇక్కడ కావలసింది చిక్కగా, చేదు సరిపడా ఉన్న 300 మి.లీ. డికాక్షన్. 3 కప్పుల పాత్ర ఒక్కసారికి 130 మి.లీ. లోపే ఇస్తుంది, కాబట్టి రెండు మూడుసార్లు కాచాలి. తిరమిసు కోసమే కొనేవాళ్లకి 6 కప్పుల పాత్ర నయం, ఒకసారి కాచి కొద్దిగా వేడినీళ్లు కలిపితే సరిపోతుంది. అల్యూమినియం పాత్ర ఇండక్షన్ స్టవ్ మీద వేడెక్కదు, అలాంటి ఇంటికి అయస్కాంతం అంటుకునే స్టీల్ అడుగున్నది తీసుకోవాలి.

నీళ్లు ఆవిరి బయటికొచ్చే చిన్న వాల్వ్ కిందికే ఉండాలి, దాన్ని ముంచకూడదు. గరాటు నిండా పొడి వేసి పైన సమం చెయ్యండి, అదమొద్దు. సన్నటి సెగ, మూత తీసి. ముదురు రంగు ధార లేత పసుపుకి తిరిగి గుడగుడమనగానే దించి, అడుగుని తడిబట్ట మీద పెట్టండి. ఆ గుడగుడ తర్వాత వచ్చేదంతా మాడు చేదు, అది క్రీమ్‌లోకి కూడా ఎక్కుతుంది. రబ్బరు వాషర్ గట్టిపడితే పక్కల నుంచి ఆవిరి కారుతుంది, అప్పుడు పాత్ర కాదు, వాషర్ మార్చాలి. డిష్‌వాషర్‌లో వేస్తే అల్యూమినియం నల్లబడుతుంది.

పాత్ర లేనివాళ్లకి మంచి ఇన్‌స్టంట్ కాఫీ: 300 మి.లీ. వేడినీళ్లకి 12 నుంచి 15 గ్రాముల పొడి. పరిమళం తగ్గుతుంది, చేదు అందుతుంది. క్రీమ్, కోకో చేరాక తేడా అనుకున్నంత కనబడదు. ఎస్ప్రెస్సో యంత్రం ఉంటే 5 షాట్లు తీసి అంతే వేడినీళ్లతో పలచన చెయ్యండి. కాఫీలో పంచదార వద్దు, బిస్కెట్‌లో ఉన్నదే చాలు. మార్సాలా అనే ఇటలీ వైన్ లేదా రమ్ వెయ్యాలనుకుంటే 30 మి.లీ. మించకుండా కాఫీలోనే కలపండి, క్రీమ్‌లో పోస్తే పలచనవుతుంది.

పేర్చడంలో పెద్ద విశేషం లేదు. అడుగున 12 బిస్కెట్లు, క్రీమ్‌లో సగం, మళ్లీ 12, మిగతా క్రీమ్. మొత్తం క్రీమ్ 700 గ్రాముల చిల్లర వస్తుంది, పొరకి 350 చొప్పున తూచి వేస్తే పైపొరకి చాలక ఇబ్బంది పడడం ఉండదు. ఖాళీలు విరిచిన ముక్కలతో పూడ్చండి, లేకపోతే క్రీమ్ అక్కడ కిందికి జారి ముక్క కోసినప్పుడు కూలుతుంది. మూత పెట్టి ఫ్రిజ్‌లో కనీసం 6 గంటలు. 12 గంటలైతే రుచి కుదురుతుంది, కోస్తే అంచు నిలుస్తుంది.

కోకో చక్కెర లేనిదే ఉండాలి, తాగే చాక్లెట్ పొడి కాదు. క్షారంతో శుద్ధి చేసిన ముదురు రంగుది పులుపు లేకుండా మెత్తగా తగులుతుంది, తిరమిసుకి అదే బాగుంటుంది. వడ్డించే ముందు సన్న జల్లెడతో చల్లండి. ముందు రాత్రే చల్లితే క్రీమ్ తడిని పీల్చి నల్లటి మచ్చలు కడుతుంది. పొర పలచగా ఉండాలి. దట్టంగా చల్లితే మొదటి ముద్దకే పొడి గొంతుకి తగిలి పొలమారుతుంది.

వేడిచేసిన పచ్చసొనతో చేసినది ఫ్రిజ్‌లో రెండు రోజులు బాగుంటుంది, పచ్చిదైతే మర్నాటికల్లా తినేయాలి. మిగిలేలా ఉంటే కోకో చల్లకముందే, బిగుతుగా కప్పి ఫ్రీజర్‌లో పెట్టండి. రెండు వారాల్లోపు తీసి, ఫ్రీజర్ నుంచి నేరుగా బయట పెట్టకుండా రాత్రంతా కింది అరలో కరగనిస్తే క్రీమ్ నీరు వదలదు.